కలినా హాలుకి ఎంత బాయిలర్?

కాసిని అంటే ఎన్ని? కలినా ఊరి హాలు వంటింట్లో ఆ ప్రశ్న వేసి జవాబు రాబట్టగలిగిన మనిషి ఇంకా పుట్టలేదని లూబాకి సెప్టెంబరు మొదటి వారానికల్లా అర్థమైపోయింది.

"మాకెందుకమ్మా వేడినీళ్లు. ఏదో, కాసిని ఉంటే చాలు" అంది జెనియా, పిరోహీలనే కజ్జికాయలకి పిండి పిసుకుతూ.

"కాసిని అంటే ఎన్ని, జెనియా పిన్నీ? ఒక బకెట్టా? పది బకెట్లా?"

"అబ్బే, అన్నెందుకు. ఎన్నుంటే అన్నే."

"ఎన్నుంటే అన్నే అని బాయిలర్ కంపెనీవాడికి ఫోన్ చేసి చెప్పనా?"

"చెప్పమ్మా. పాపం వాడు మాత్రం ఏమంటాడు?"

పక్కన కాబేజీ ఆకులు విడదీస్తున్న మార్ఫా ఇంకో అడుగు ముందుకేసి, అసలు చన్నీళ్లతో కడిగితేనే గాజు గ్లాసులు తళతళలాడతాయని సెలవిచ్చింది. లూబాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక లాభం లేదని అత్తగారి వైపు తిరిగింది. పరాస్కాకి డెబ్బై నాలుగేళ్లు. ఆ వంటింటికి పెద్దదిక్కు ఆవిడే. హాకీ ఆట ఉన్న రోజున ఆవిడ చెయ్యి పడకుండా బోర్ష్ సూపు కుండలో గరిటె కూడా తిరగదు.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి. ఆట రోజున వంటింట్లో వేడినీళ్లు ఎంత వాడతారు?"

"ముందు పిల్లల స్నానాల సంగతి చూడు. మా తిప్పలు మేం పడతాంలే" అంది పరాస్కా, ఉల్లిపాయల మీంచి తలెత్తకుండానే.

మొహమాటం అనే జబ్బుకి కెనడాలోని సస్కాచెవాన్‌లో మందు లేదు. కలినాలో అయితే అది జబ్బని కూడా ఎవరూ అనుకోరు, మర్యాద అనుకుంటారు. ఇంటికొచ్చిన మనిషిని కాఫీ తాగుతావా అంటే మూడుసార్లు వద్దని నాలుగోసారి తాగుతారు. అలాంటివాళ్లని కూర్చోబెట్టి మీకేం కావాలో చెప్పండి అంటే చెబుతారా? లూబా ఆ ఊళ్లోనే పుట్టింది, ఆ మర్యాదలోనే పెరిగింది, అయినా ఆవిడకి ఓపిక నశించిపోయింది.

పాత బాయిలర్ మార్చిలో చచ్చింది. దాన్ని బిగించింది లూబా తండ్రి. ఆయన పోయాక చుట్టుపక్కల ఊళ్లకి పైపుల పని, పొయ్యిల పని అంతా లూబాదే. ఒకే కప్పు కింద ఇటు భోజనాల హాలు, అటు హాకీ ఆడే మంచు మైదానం. ఆ ఒక్క బాయిలరే మూడు నోళ్లకి వేడినీళ్లు పెట్టాలి. ఆటగాళ్ల గదుల్లో షవర్లు ఒకటి, మంచు బండి రెండోది, వంటిల్లు మూడోది. మంచు బండి ఆట మధ్యలో తిరుగుతూ గీతలు పడ్డ మంచు మీద సలసలా కాగిన నీళ్లు పోస్తుంది. అలా పోస్తేనే మంచు అద్దంలా గడ్డకడుతుంది. చన్నీళ్లు పోస్తే బుడగలు కట్టి పెళుసైపోతుంది. ఆట అయ్యీ అవగానే ఈ మూడు నోళ్లూ ఒక్కసారే తెరుచుకుంటాయి. అదీ బాయిలర్‌కి అసలు పరీక్ష.

లెక్కలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఆ ఒక్క గంటలో ఎన్ని గ్యాలన్ల నీళ్లు కావాలి, బావిలోంచి ఎంత చల్లగా వచ్చిన నీళ్లని ఎంత వేడికి లేపాలి, అంతే. బావి ఎంత చల్లనో జనవరిలో అందరికీ తెలుసు. ఎంత వేడి కావాలో ఎవరి చెయ్యైనా చెబుతుంది. చిక్కంతా ఎన్ని గ్యాలన్లు అన్న దగ్గరే వస్తుంది. అది పొరపాటైతే మిగతాదంతా కాకిలెక్కే. ఒకసారి దింపిన బాయిలర్ ముప్పై ఏళ్లు అక్కడే కూర్చుంటుంది. చిన్నదైతే ముప్పై ఏళ్లు ఎవరో ఒకరు చన్నీళ్లలో చేతులు పెట్టాలి. ఆ ముప్పై ఏళ్లూ ఊరంతా లూబా పేరు చెప్పుకుని తిట్టుకుంటుంది. మైదానంలో మంచు పరిచేది అక్టోబరులో. ఆర్డరు ఇచ్చాక సరుకు రావడానికి నెల పడుతుంది. అందుకని సైజు ఎంతో సెప్టెంబరు ముగిసేలోపు తేల్చి కమిటీ చేత సరే అనిపించాలి.

అదృష్టం కొద్దీ లూబా వీళ్ల నోటి మాటల మీద ఆధారపడలేదు. పాత బాయిలర్ దగ్గుతూ మూలుగుతూ ఉన్నప్పుడే, పోయిన శీతాకాలంలో, మూడు గొట్టాలకీ మూడు మీటర్లు బిగించి చూసింది. షవర్ల మీటరు గిర్రున తిరిగింది. మంచు బండి మీటరూ తిరిగింది. వంటింటి మీటరు మాత్రం ఆట రోజుల్లో కదిలీ కదలనట్టు ఉంది. ఆడవాళ్లు చెప్పిన కాసినికి మీటరు కూడా సాక్ష్యం పలికింది. ఇంక దిగులెందుకు అనుకుంది లూబా.

దిగులు ఒరెస్ట్ రూపంలో వచ్చింది. ఒరెస్ట్ కమిటీ అధ్యక్షుడు, లూబా తండ్రికి స్నేహితుడు, ఆవిడకి బాబాయ్ వరస. ఆయనకి ఏదైనా సరే పెద్దదిగా ఉండాలి. ఆయన ట్రాక్టరు ఆయన పొలంలో తిరగడానికే చోటు చాలదని ఊళ్లో నవ్వుకుంటారు.

"ఆరు లక్షలది వేయించు" అన్నాడు మొదటి మీటింగులో. ఆ లక్షలు డబ్బు కాదు, బాయిలర్ వేడిని కొలిచే బీటీయూలు. "ఎందుకైనా మంచిది."

"ఎందుకు మంచిది బాబాయ్? ఆ ఎందుకు ఏంటో చెప్పు."

"చలి కదమ్మాయ్! మైనస్ నలభైలో నీ కాగితం మీద లెక్కలు పనిచేస్తాయా?"

"మైనస్ నలభై బయట. బావిలో నీళ్లకి ఆ సంగతి తెలీదు. నీకు పెళ్లిచూపులకి కొలిచి కుట్టించుకున్న చొక్కా కావాలా, మీ తాత ఓవర్‌కోటు కావాలా? అవసరానికి మించింది పెడితే అది వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది, ఆరుతుంది. రోజంతా ఎక్కిళ్లు పెట్టినట్టే. పదేళ్లలో కొంప ముంచుతుంది."

"అయితే ఎంతంటావ్?"

"నాలుగు. మీటర్లు పెట్టి చూశాను. మీటరు అబద్ధం చెప్పదు బాబాయ్."

ఒరెస్ట్ ఒక్క రోజులో లొంగే మనిషి కాదు. మూడు వారాలు లూబా ఆయన వెంటపడింది. ధాన్యం గాదెల దగ్గర చెప్పింది, చర్చి మెట్ల మీద చెప్పింది, పెట్రోలు బంకులో ఆయన కారాపి మరీ చెప్పింది. చివరికి లొంగాడు. లొంగాడంటే మామూలుగానా? కొత్తగా మతం పుచ్చుకున్నవాడికుండే ఆవేశం ఆయనకి పట్టుకుంది. కనపడ్డవాడికల్లా, అడగనివాడికి కూడా, పెద్ద బాయిలర్ ఎంత అనర్థమో, నాలుగు లక్షలది ఎంత చక్కగా సరిపోతుందో వివరించడం మొదలుపెట్టాడు. మీటరు అబద్ధం చెప్పదు అన్న ముక్క అయితే తన సొంతమే అన్నట్టు వాడేశాడు. లూబా నవ్వుకుంది. గెలిచాననుకుంది.

సెప్టెంబరు ఆఖరి వారంలో ముసలి టియోడోర్ పోయాడు. ఖననం అయ్యాక భోజనాలు హాల్లో. ఊరు ఊరంతా వస్తుంది, బాయిలర్ చూస్తే చచ్చి కూర్చుంది, అంట్లగిన్నెలు కొండలా పేరుకుంటాయి. లూబాకి ముందురోజు నుంచే మనసు పీకింది. తన దగ్గరున్న కరెంటు హీటరు తెచ్చి తాత్కాలికంగా బిగించనా అని అత్తగారిని అడిగింది.

"ఇప్పుడదెందుకు? మాకేం లోటు?" అంది పరాస్కా.

లోటు లేదంటే నమ్మేదెవరు? భోజనాలు అవుతుండగానే లూబా చొక్కా చేతులు పైకి మడిచి, తుడుపుగుడ్డ భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్లింది. కనీసం ప్లేట్లు తుడిచి పెడదామనుకుంది. గుమ్మంలోనే ఆగిపోయింది.

పెద్ద గ్యాస్ పొయ్యి మీద నాలుగు డేగిసాలు మరుగుతున్నాయి. తెల్లచుక్కల నీలం ఎనామెల్ డేగిసాలు, ఒక్కోటి ఐదు గ్యాలన్లు పడతాయి. జెనియా, మార్ఫా చెరో చెవికి తువ్వాలు దూర్చి ఒక డేగిసా లేపారు. "దారి" అంది మార్ఫా. దారిలో ఉన్న నలుగురూ చూడకుండానే పక్కకి జరిగారు. ఇద్దరూ ఒకే అడుగు వేస్తూ, తడి గచ్చు మీద మరిగే నీళ్లు తొణకకుండా నడిచి, సింకు పక్కనున్న చెక్కబల్ల మీద దించారు. ఈలోగా ఇంకో ఆవిడ ఖాళీ అయిన పొయ్యి మీద ఇంకో డేగిసా పెట్టేసింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. సింకు దగ్గర పరాస్కా చెంబుతో నీళ్లు ముంచి, చన్నీళ్లు కలిపి, ప్లేట్లు కడుగుతోంది.

లూబా ఆ చెక్కబల్ల వైపు చూసింది. దాని మీద డేగిసా అడుగంత గుండ్రటి నల్లమచ్చలు. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి, చెక్క రంగే కనపడనంతగా. బాయిలర్ మార్చిలో పాడైతే ఈ ఆరునెలల్లో ఇన్ని మచ్చలు పడవు.

"పిన్నీ, ఈ డేగిసాలు ఎప్పట్నించి ఉన్నాయి?"

"ఎప్పుడూ ఉన్నవేగా."

"బాయిలర్ పాడయ్యాక తెచ్చుకున్నారా?"

జెనియా కిసుక్కున నవ్వింది. "బాయిలర్‌కీ వీటికీ ఏంటే సంబంధం? బాయిలర్ పిల్లలకి కదా!"

బాయిలర్ చచ్చి ఆరునెలలైంది, వంటింట్లో ఏమీ మారలేదు. అసలు మారడానికి అక్కడ ఆ కుళాయి ఎప్పుడైనా తిప్పితేగా! వంటింటి మీటరు ఎందుకు కదల్లేదో లూబాకి అప్పుడు అర్థమైంది. ఆ మీటరు చెప్పింది వీళ్లకి నీళ్లు అక్కర్లేదని కాదు. ఆట రోజున వీళ్లు వేడినీళ్ల కుళాయి ముట్టుకోరని. తను దాన్ని తీసుకెళ్లి లెక్కలో వేసి, ఊరంతా తిరిగి ఒప్పించి, ఇంకో ముప్పై ఏళ్లు ఈ ముసలాళ్ల చేత మరిగే నీళ్లు మోయించడానికి సంతకం పెట్టబోతోంది. లూబాకి ముందు తన మీద కోపమొచ్చింది. ఒక్క నిమిషం తర్వాత ఆ కోపం అంతకంటే గట్టిగా అత్తగారి మీదకి మళ్లింది.

ఇంటికి వెళ్లేటప్పుడు ట్రక్కులో ఇద్దరే ఉన్నారు. లూబా భర్త లారీ తోలుతూ నెలలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు. అత్తాకోడళ్లు పోట్లాడుకోవాలంటే వాళ్లకి కావలసినంత తీరుబడి.

"ఎంత కావాలని మిమ్మల్ని అడిగానా లేదా?"

"అడిగావు."

"కాసిని చాలన్నారా లేదా?"

"చాలు కాబట్టి చాలన్నాం. గిన్నెలు కడక్కుండా ఎప్పుడన్నా వదిలేశామా?"

"కడిగారు! పొయ్యి మీద కాచుకుని, మోసుకుని కడిగారు. గోడలో కుళాయి పెట్టుకుని! ఆ కుళాయి ముట్టుకోవద్దని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఒకరి చేత చెప్పించుకోవాలా?"

లూబా స్టీరింగు మీద అరచేత్తో ఒక్కటి కొట్టింది. పరాస్కా కిటికీలోంచి కోతలైన పొలాలు చూస్తూ తనే మొదలుపెట్టింది. ఎప్పుడో, లూబా కాపురానికి రాకముందు, హార్విక్ ఊరి జట్టు ఆడటానికొచ్చింది. ఆట అయ్యాక వాళ్లు స్నానాలు చేస్తుంటే ఇక్కడ వంటింట్లో గిన్నెలు కడిగారు. నీళ్లు చల్లబడిపోయాయి. హార్విక్ గోల్‌కీపరు, ఆరడుగుల మనిషి, నెత్తి నిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని వంటింటి గుమ్మంలోకొచ్చి, ఒక చెంబుడు వేడినీళ్లు ఇప్పిస్తారా అమ్మా అని అడిగాడు.

"మీ మావయ్య అప్పుడు కమిటీ పెద్ద. హార్విక్‌వాళ్లు ఏళ్ల తరబడి అదే చెప్పుకుని నవ్వారు. కలినా వెళ్తే సబ్బు నురగతోనే తిరిగి రావాలని. మన గడప తొక్కిన పిల్లలకి స్నానానికి నీళ్లు లేవంటే ఎవరికే సిగ్గు? ఆరోజు నుంచి ఆట ఉన్న రోజు మేం ఆ కుళాయి తిప్పలేదు."

"మరి మీ చేతి మీద ఆ కాలిన మచ్చ? జామ్ కాస్తుంటే పడిందన్నారు."

"జామ్ కూడా కాచాను" అంది పరాస్కా.

ఇల్లు వచ్చేదాకా లూబా ట్రక్కు వేగం తగ్గించలేదు.

ఆఖరి మీటింగు శుక్రవారం జరిగింది. ఒకవైపు కమిటీ మగవాళ్లు బల్లల చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్లు వంటింటి కిటికీ అవతల కాఫీ పోస్తున్నారు. వాళ్లు ఎప్పుడూ మీటింగులో ఉండరు, కిటికీ అవతలే ఉంటారు, కాకపోతే అన్నీ వింటారు. లూబా లేచి నిలబడింది. మూడు వారాలు గొంతు చించుకుని చెప్పిన మాటని తనే వెనక్కి తీసుకోవాలి.

"నా లెక్క తప్పు. నాలుగు చాలదు."

ఒరెస్ట్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఏంటమ్మాయ్, నిద్ర సరిగ్గా పట్టలేదా?"

"వంటింటి వాటా నేను లెక్కలో వెయ్యలేదు. ఆట రోజున వాళ్లు పొయ్యి మీద కాచుకుంటున్నారు."

"మీటరు పెట్టావా లేదా?"

"పెట్టాను."

"మీటరు అబద్ధం చెప్పదు అన్నావా లేదా?" ఒరెస్ట్ చుట్టూ చూశాడు. పక్కనున్న ఇద్దరు తలలూపారు. వాళ్లకి ఆ పాఠం నేర్పింది ఆయనే.

"తెరవని కుళాయికి మీటరేం లెక్కపెడుతుంది బాబాయ్?"

"చూడమ్మాయ్, అవసరానికి మించింది పెడితే ఏమవుతుందో తెలుసా నీకు? వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది, ఆరుతుంది. ఎక్కిళ్లు!"

లూబాకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తన మాటలే, తన పోలికే, ఇంకా నయం, తన గొంతు అనుకరించలేదు. ఒరెస్ట్ అంతటితో ఆగకుండా కిటికీ వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"ఏం పరాస్కా వదినా! ఇన్నేళ్లలో మీకెప్పుడైనా వేడినీళ్లు తక్కువయ్యాయా?"

లూబా అత్తగారి కళ్లలోకి చూసింది. చెప్పండి అత్తయ్యా, ఒక్క మాట, ఒక్కసారి చెప్పండి అని మనసులోనే బతిమాలుకుంది.

"మాకా? ఎవరన్నారు?" అంది పరాస్కా. "ఏనాడూ తక్కువ కాలేదు."

"మాకేం లోటు" అంది జెనియా.

"చన్నీళ్లతో అయితేనే గ్లాసులు..." అని మార్ఫా మొదలుపెట్టింది.

ఒరెస్ట్ చేతులు చాపి, చూశావా అన్నట్టు నవ్వాడు. లూబా కుర్చీలో కూలబడింది. వీళ్ల కోసం తను నలుగురిలో తప్పొప్పుకుంటే, వీళ్లే తనని అబద్ధాలకోరుని చేశారు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఒక మాట నోరు జారింది. ఎత్తు వేసి అన్న మాట కాదు.

"సరే బాబాయ్, నాదే పొరపాటు. టియోడోర్ తాత భోజనాల రోజున వీళ్లు ముచ్చటకి ఒకటో రెండో డేగిసాలు మోశారు. నేనది చూసి అనవసరంగా గోరంతలు కొండంతలు చేశాను."

వంటింటి కిటికీలోంచి మార్ఫా తల బయటికొచ్చింది.

"ఒకటో రెండోనా?"

"అంతకంటే ఎక్కువ ఉంటాయా ఏంటి?"

"ఒకటో రెండో అంటుందేంటే ఇది! టోర్నమెంటు శనివారం నేనూ జెనియా కలిసి ఇరవై మోశాం. ఆట అయిన గంటన్నరలో!"

"ఇరవై కాదే, ఇరవై రెండు" అంది జెనియా. ఆవిడ కూడా కిటికీలోకొచ్చింది. "ఆఖర్న బోర్ష్ కుండలకని మళ్లీ రెండు పెట్టలా?"

"అవును, ఇరవై రెండు. అదీ నా మోకాలు వాచి ఉన్నప్పుడు."

లూబా వెంటనే వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఎన్ని నీళ్లు కావాలమ్మా అంటే నెలరోజులు పెదవి విప్పని మనుషులు, ఎన్ని మోశారు అంటే ఇలా వడగళ్లలా కురుస్తున్నారేంటి! కావాలని అడగడం వీళ్ల దృష్టిలో సిగ్గు. చేసిన పని తక్కువ చేసి చెబితే మాత్రం ఊరుకోరు. ఇంత చిన్న సంగతి ఆ వంటింటి కోడలైన తనకి ఇన్నాళ్లూ తట్టలేదు.

"ఇరవై రెండా? నిండుగానా, సగం సగమా?"

"సగం సగం మోసేది హార్విక్‌వాళ్లు!" అంది మార్ఫా.

"ఇద్దరూ కలిసి మోసినవి మీరు చెబుతున్నారు" అంది పరాస్కా వెనకనుంచి. ఆవిడ గొంతులో కూడా పౌరుషం వచ్చేసింది. "మీరు గ్లాసులు సర్దుతుంటే నేను ఒక్కదాన్నే మోసిన నాలుగూ ఎవరి లెక్కలోకి వస్తాయి? ఆ నాలుగో దానికే కదూ నా చెయ్యి..."

అక్కడితో ఆగిపోయింది. మగవాళ్లలో ఒకాయన తన కప్పులోకి చూసుకున్నాడు. వాళ్లంతా ఒకప్పుడు ఆ మంచు మీద ఆడినవాళ్లే, ఆ షవర్ల కింద నిలబడి పాటలు పాడినవాళ్లే.

"నేను ఆడే రోజుల్లో కూడానా వదినా?" అన్నాడు ఒరెస్ట్, గొంతు తగ్గించి.

"నువ్వు చాలాసేపు స్నానం చేసేవాడివి ఒరెస్ట్" అంది పరాస్కా.

లూబా అప్పటికే బల్ల మీదున్న కాగితం రుమాలు లాక్కుని గుణకారం మొదలుపెట్టింది. ఇరవై ఆరు డేగిసాలు, ఒక్కోటి ఐదు గ్యాలన్లు, బావి చల్లదనం నుంచి సలసలా మరిగేదాకా. దాన్ని షవర్లకీ మంచు బండికీ కలిపింది. ఐదున్నర దాటింది. ఐదున్నర లక్షల బాయిలర్ ఎవరూ చెయ్యరు. ఐదు ఉంది. దాని పైన ఉన్నది ఒక్కటే. లూబా రెండోసారి కూడింది, మూడోసారి కూడింది. అదే వచ్చింది.

"ఎంతమ్మాయ్?" అన్నాడు ఒరెస్ట్.

"ఆరు."

ఒరెస్ట్ మొహం మీద నవ్వు మెల్లగా, చెవి నుంచి చెవి దాకా పాకింది. "నేను మొదటి మీటింగులో ఎంతన్నాను?"

"ఆరన్నావు బాబాయ్."

"ఎందుకన్నాను?"

"ఎందుకో నీకూ తెలీదు. ఆర్డరు మీద సంతకం పెట్టు."

పెట్టాడు. కిటికీ అవతల పరాస్కా కోడలి వైపు ఒక చూపు చూసింది. మాటల్లో పెట్టి నా చేత వాగించావు కదే అన్న చూపు అది. లూబా పట్టించుకోలేదు.

నవంబరు మొదటి శనివారం ఈ ఏడాది తొలి ఆట. వచ్చింది ఎవరో కాదు, హార్విక్ జట్టే. కొత్త బాయిలర్ గదిలో లూబా ఆట అయ్యేదాకా ఒక కన్నేసి కూర్చుంది. అది వెలిగింది, ఆగకుండా నిలకడగా మండింది. ఆట అయిపోయి ఆటగాళ్లు స్నానాలకి దూరాక వంటింట్లోకి వెళ్లింది.

పొయ్యి మీద నాలుగు డేగిసాలు మరుగుతున్నాయి.

"అత్తయ్యా!" అని లూబా అరిచిన అరుపుకి జెనియా చేతిలో గరిటె జారిపడింది. "ఏంటిది? ఇంకా ఏంటిది? ఎవరి కోసం పెట్టించానంటారు దాన్ని? ఎవరి కోసం నలుగురిలో తలవంచుకున్నాను?"

"గట్టిగా అరవకే. హార్విక్ పిల్లలు లోపల స్నానాల్లో ఉన్నారు."

"ఉండనీండి!"

"వాళ్లకి నీళ్లు చల్లబడితే మళ్లీ..."

"చల్లబడవు. లెక్క కట్టాను. మీరు మోసిన డేగిసాలతో సహా కట్టాను."

లూబా వెళ్లి నాలుగు బర్నర్లూ ఆపేసింది. సింకు దగ్గరికొచ్చి వేడినీళ్ల కుళాయి బారుగా తిప్పింది. పరాస్కా చటుక్కున చెయ్యి చాపి కట్టెయ్యబోయింది. లూబా కుళాయి మీద చెయ్యి తియ్యలేదు. అత్తాకోడళ్లిద్దరూ ఒకే కుళాయి పట్టుకుని, గోడ అవతలికి చెవులు రిక్కించారు. వెనకాల జెనియా, మార్ఫా కూడా దగ్గరికి జరిగారు. గోడ అవతల షవర్ల హోరు, కుర్రాళ్ల కేకలు, ఎవడో ఎవడి మీదో సబ్బు విసిరిన చప్పుడు. ఎవడూ తిట్టలేదు. ఎవడూ తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకి రాలేదు. సింకులోంచి ఆవిరి లేచి కిటికీ అద్దం మీద పరుచుకుంది.

పరాస్కా పట్టు సడలించింది. అంట్లగిన్నెలు పక్కన పేరుకుని ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. చేతులు రెండూ నీళ్ల కింద పెట్టింది. వంకర తిరిగిన వేళ్లు, పాత మచ్చ, ముంజేతుల దాకా. అలాగే నిలబడిపోయింది.

"లూబా."

"ఊఁ?"

"వాళ్లకి ఇన్నేళ్లూ ఇంత వేడిగా వచ్చేవా?"

"వచ్చేవి అత్తయ్యా."

పరాస్కా తడిచేత్తో కుళాయి ఇంకో చుట్టు తిప్పింది.